ఐదొందలో టపా, బాబాయి చెప్పు

నా బ్లాగులో వంద టపాలు (పోస్టులు) నిండాయి, రోజుకు ఇరవై మంది కూడా చదవడం లేదు, ఏళ్లతరబడి బ్లాగు రాసినవాళ్లకు అసలు ఏం ఒరిగిందో చెప్పండి అని మీరు అడిగారు.

డబ్బు సంగతి ముందే తేల్చేస్తాను. ఏమీ ఒరగలేదు. నేను మొదలుపెట్టింది 2008లో. బ్లాగులో ప్రకటనలు పెట్టి డబ్బిచ్చే గూగుల్ యాడ్‌సెన్స్ తెలుగు బ్లాగులకు వచ్చేసరికి 2018 అయింది. అప్పటికి చదివేవాళ్లు చాలామంది ఫోన్లు పట్టుకుని వేరే చోట్లకు వెళ్లిపోయారు. పందిరి విప్పేశాక భజంత్రీలు దిగినట్టయింది. పేరు సంగతి ఇంకా ఘోరం. నేను బ్లాగు రాస్తానని మా ఆఫీసులో తెలిసింది ఇద్దరికి. అందులో ఒకాయన ఇప్పటికీ "మీ వెబ్‌సైటు ఎలా ఉందండీ" అని, ఒంట్లో బాగాలేని మనిషిని పరామర్శించినట్టు అడుగుతాడు.

అయినా 500 టపాలు రాశాను. 2023లో నిండాయి. బ్లాగు పక్క పట్టీలో ఏడాది ఎదురుగా బ్రాకెట్లో అంకె కనిపిస్తుంది కదా, నా పట్టీలో 2009 పక్కన 94 ఉంటుంది, 2016 పక్కన 3. ఆ మూడింట్లో ఒకటి "ఇకనుంచి క్రమం తప్పకుండా రాస్తాను" అన్న ప్రకటన.

ఆ 94 నా గొప్ప కాదు. అప్పటి వాతావరణం అలాంటిది. తెలుగు టైపు చేసే సైటు లేఖినిలో రాసి, కాపీ చేసుకుని, బ్లాగరులో అతికించి, పబ్లిష్ నొక్కితే కాసేపటికి కూడలిలోనో హారంలోనో, అంటే అందరి కొత్త టపాలనూ ఒకచోట చూపించే సంకలినుల్లో, మన టపా పేరు పైన కనిపించేది. పొద్దున రాస్తే మధ్యాహ్నానికి పది వ్యాఖ్యలు. అందులో రెండు పోట్లాటలు, ఒకటి 'అజ్ఞాత' పేరుతో తిట్టు. ఇప్పుడు ఆ తిట్టుకు కూడా మొహం వాచిపోయి ఉన్నాం. నచ్చిన బ్లాగుల కొత్త టపాలను ఒకచోట చదువుకోనిచ్చే గూగుల్ రీడర్ 2013 జులై 1న ఆగిపోయింది. ఆ చుట్టుపక్కల ఏళ్లలోనే మన సంకలినులూ కొన్ని మూతపడ్డాయి. అందుకని మీ ఇరవై మందిని తక్కువ చేసుకోకండి. దారి చెప్పేవాడు లేకుండా ఇల్లు వెతుక్కుంటూ వస్తున్నవాళ్లు వాళ్లు.

సరే, ఏం ఒరిగింది అన్నదానికి నా దగ్గర ఉన్న జవాబు ఒక్కటే. దానికి ఆ ఐదొందలో టపా కథ చెప్పాలి.

490 దాటినప్పటి నుంచీ నాకు టెన్షన్ మొదలైంది. 499కీ 500కీ మధ్య ఐదు నెలలు గడిచాయి. ఏదో గొప్పది రాయాలి, ఏళ్ల కష్టానికి గుర్తుగా ఉండాలి అని. చివరికి నాన్న నాకు సైకిలు నేర్పిన రోజు గురించి రాశాను. నాన్న పోయి అప్పటికి ఆరేళ్లు. పెద్ద సైకిలు, సీటు మీదికి కాలు అందదు, కడ్డీ కింద నుంచి కాలు దూర్చి తొక్కాలి. వెనక క్యారియర్ పట్టుకుని నాన్న పరిగెత్తడం, "ముందుకు చూడు, ముందుకు చూడు" అని అరుస్తూనే చెప్పకుండా చెయ్యి వదిలేయడం, సందు మలుపులో నేను వెనక్కి తిరిగి చూస్తే ఎక్కడో దూరంగా తెగిన చెప్పు చేత్తో పట్టుకుని నిలబడి ఉండడం. రాస్తుంటే కళ్లు తడిశాయి, దాచడమెందుకు. అర్ధరాత్రి పబ్లిష్ నొక్కి పడుకున్నాను.

పొద్దున లేచేసరికి మూడు శుభాకాంక్షలు. నాలుగో వ్యాఖ్య ఒక పాత పాఠకులది. పాఠకుడో పాఠకురాలో పదమూడేళ్లుగా నాకు తెలియదు, పేరుకు బదులు రెండక్షరాలు ఉంటాయంతే. మెచ్చుకున్న పాపాన పోలేదెప్పుడూ. తప్పు దొరికితేనే వస్తారు. 2010లో మొదటిసారి వచ్చింది కూడా "మీ 'సాఫ్ట్‌వేర్'లో ట కింద వ వత్తు పడిపోతోంది, మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ పెట్టుకోండి" అని చెప్పడానికి. కంటికి కనిపించని అక్షరం ఒకటుంటుందని, అది పెడితే పొల్లు పొల్లులా నిలబడుతుందని నాకు ఆ రోజే తెలిసింది. అప్పటికి రెండేళ్లుగా రాస్తున్నాను మరి.

ఈసారి వ్యాఖ్య ఇది: "అభినందనలు. అయితే మీరు 2008లో రాసిన ఈ టపాలో సైకిలు నేర్పింది మీ బాబాయి. చెప్పు తెగింది కూడా ఆయనదే." కింద లింకు.

ఒళ్లు మండింది. పోయిన మనిషి గురించి రాసుకున్నదాని మీదికి కూడా ఎర్ర సిరా పట్టుకొస్తారా అనిపించింది. వ్యాఖ్యను ప్రచురించకుండా మోడరేషన్‌లోనే ఉంచేసి ఆఫీసుకు పోయాను. లింకు మాత్రం రోజంతా బుర్రలో తిరుగుతూనే ఉంది. రాత్రి తెరిచాను. తర్వాత లెక్కపెడితే అది నా 37వ టపా. ఉంది. బాబాయి, కడ్డీ, సందు మలుపు, చెప్పు, అన్నీ ఉన్నాయి. పైగా ఒక వాక్యం: "నాన్నకు ఆదివారాలు కూడా డ్యూటీయే కాబట్టి ఆ బాధ్యత బాబాయి మీద పడింది." నా మాటలే. తేదీతో సహా.

అమ్మకు ఫోన్ చేశాను. "ఎవరూ నేర్పలేదురా, నువ్వే ఎక్కడో నేర్చుకుని మోకాలు చీరుకుని వచ్చావు" అంది. ఇది మూడో కథ. బాబాయికి చేశాను. సైకిలు నేర్పిన సంగతి ఆయనకు సరిగ్గా గుర్తులేదు. చెప్పు అనగానే మాత్రం "కొని వారం కూడా కాలేదురా అవి!" అన్నాడు. ఇన్నేళ్ల తర్వాత కూడా గొంతులో ఆ కోపం అలాగే ఉంది. ఇక నాకు అనుమానం లేదు.

నాన్న పోయాక ఆ ఆరేళ్లలో ఇంట్లో జరిగిన మంచి పనులన్నీ ఒక్కొక్కటిగా ఆయన పేర రాసిచ్చేస్తూ వచ్చానన్నమాట, రిజిస్ట్రేషన్ ఖర్చు లేకుండా. అబద్ధమాడుతున్నానని నాకే తెలియదు. ఆ రోజు నుంచి ఎవరైనా "నాకు బాగా గుర్తు" అని మొదలుపెడితే నేను నమ్మను. నన్నడిగితే జ్ఞాపకం పాతబడేకొద్దీ మనకు తెలియకుండానే అందులో కొంత కల్పన చేరిపోతుంది. కాదనేవాళ్లు తమ పాత రాతలు తీసి చూసుకున్నాక మాట్లాడాలి. నేను చూసుకున్నాను. ఒకే ఛలోక్తిని 2009 టపాలో మా మాస్టారు వేసినట్టు రాశాను, 2014 టపాలో నేనే వేసినట్టు రాశాను.

కాబట్టి ఆ పాత వంద టపాలూ బాలేవని తీసేయకండి. సిగ్గేస్తే కళ్లు మూసుకోండి గానీ డిలీట్ మీదికి వెళ్లొద్దు. బ్లాగరు సెట్టింగుల్లో బ్యాకప్ ఉంటుంది, దించి పెట్టుకోండి. అందులో రాత వస్తుంది, ఫోటోల సంగతి మాత్రం దాన్నే నమ్ముకోకుండా, అవి విడిగా దాచుకోవాలి. నా మొదటి రెండేళ్ల ఫోటోలు వేరే సైటులో పెట్టాను, అది మూతపడి ఇప్పుడు ఆ చోట్లన్నీ ఖాళీ డబ్బాలు. ఇంకో మాట, ఎక్కడ రాసినా కింద పేరూ తేదీ పెట్టండి. నా టపా ఒకటి ఎవరో ఎత్తుకుపోయి, చివర నేను రాయని నీతి ఒకటి తగిలించి, కింద 'సేకరణ' అని వేస్తే, అది తిరిగి తిరిగి మా బంధువుల వాట్సాప్ గ్రూపులోకే వచ్చింది. "ఎంత బాగా రాశారో, ఇలాంటివి రాయరాదూ" అని మా పెద్దమ్మ నాకే పంపింది. 'సేకరణ' అనే మాట కనిపెట్టినవాడు దొరికితే బావుండును.

ఐదొందలో టపాను నేను మార్చలేదు. ఆ వ్యాఖ్యను ప్రచురించి, టపా అడుగున "సవరణ: సైకిలు నేర్పింది బాబాయి" అని ఒక్క ముక్క చేర్చాను. రెండక్షరాల వారు మళ్లీ వచ్చి "సవరణ బావుంది" అన్నారు. పదమూడేళ్లలో అదే మొదటి మెప్పు.

బాబాయి లింకు పంపించమన్నాడు. రిటైరై ఖాళీగా ఉన్నాడేమో, మొదటి టపా నుంచి వరసగా చదువుతున్నాడు. ప్రస్తుతం 112 దగ్గరున్నాడు. ఇప్పటికి తొమ్మిది తప్పులు పట్టాడు. నాలుగు ఒప్పుకున్నాను, మిగతావాటి మీద వాదన నడుస్తోంది.