ఫేజ్‌ను పారేయకు

అమ్మాయికి ఆశీస్సులు.

ఈసీజీ లాంటి సిగ్నల్‌ను రకరకాల అలలుగా విడదీసే ట్రాన్స్‌ఫార్మ్‌ల మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. ఈసీజీ తీసేటప్పుడు ఎలక్ట్రోడ్ కాస్త కదిలితే గీత మొత్తం ఎలా పైకి తేలి, మెల్లగా కిందికి దిగుతుందో రాసిన పేరా బాగుంది. దగ్గరుండి చూసినవాళ్ళు తప్ప అలా రాయలేరు. ఆ తర్వాతి పేజీలో ఒక వాక్యం దగ్గర మాత్రం నాకు ముందుకు సాగబుద్ధి కాలేదు. "స్పెక్ట్రం ఒక్కటి చూస్తే చాలు, గుండె ఏ క్షణంలో లయ తప్పిందో ఇట్టే పట్టేయవచ్చు" అన్నావు. ఈ ఉత్తరం ఇంత పొడుగ్గా రావడానికి ఆ వాక్యమే కారణం.

పట్టేయలేం. నువ్వు గీసిన స్పెక్ట్రంలో, అంటే ఏ అల ఎంత బలంగా ఉందో చూపే గ్రాఫ్‌లో, ఆ క్షణం లేనే లేదు. ఫోరియర్ ట్రాన్స్‌ఫార్మ్ చేస్తే ఒక్కో ఫ్రీక్వెన్సీ (అల ఊగే వేగం) గురించి రెండు సంగతులు తెలుస్తాయి. ఆ అల ఎంత బలంగా ఉందన్నది మ్యాగ్నిట్యూడ్. అది ఎక్కడ లేచి ఎక్కడ పడుతోందన్నది ఫేజ్. నువ్వు మొదటిదాన్ని గ్రాఫ్ వేసి, రెండోదాని ఊసే ఎత్తలేదు. ఎక్కడ, ఎప్పుడు అన్న కబురు ఉండేది ఆ రెండోదాంట్లోనే. పద్యంలోని అక్షరాలన్నీ విడగొట్టి, ఏ అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో పట్టిక రాసిచ్చి, ఇదే పద్యం అంటే ఎవరైనా ఒప్పుకుంటారా?

నా మాట మీద నమ్మొద్దు. కాగితం తీసుకుని ఎనిమిది అంకెలు రాయి: 1, 0, 0, 0, 0, 0, 0, 0. అన్నీ కూడితే 1 వస్తుంది. అది సున్నా ఫ్రీక్వెన్సీ, అసలు ఊగని భాగం. ఒకదానికి ప్లస్, తర్వాతిదానికి మైనస్ పెట్టుకుంటూ కూడినా 1 వస్తుంది. ఈ ఎనిమిదింటిలో ఇమిడే అత్యంత వేగమైన ఊగుడు అది. మధ్యనున్న ఫ్రీక్వెన్సీలకు కూడా మ్యాగ్నిట్యూడ్ 1 చొప్పునే వస్తుంది. ఇప్పుడు ఆ 1ని నాలుగో స్థానానికి జరుపు: 0, 0, 0, 1, 0, 0, 0, 0. మామూలుగా కూడితే మళ్ళీ 1. ప్లస్‌లు, మైనస్‌లు మార్చి మార్చి పెట్టి కూడితే మైనస్ 1. పరిమాణం అదే, గుర్తు ఒక్కటే మారింది. మిగతావాటిలోనూ అంతే, మ్యాగ్నిట్యూడ్ కదలదు, ఫేజ్ ఒక్కటే కదులుతుంది. రెండు సిగ్నల్‌ల మ్యాగ్నిట్యూడ్ గ్రాఫులు పక్కపక్కన పెడితే ఏది ఏదో చెప్పడం ఎవరి తరమూ కాదు. ఆ 1 స్థానంలో లయ తప్పిన ఒక గుండె చప్పుడును ఊహించుకో. అది రికార్డు మొదట్లో వచ్చిందో చివర్లో వచ్చిందో నీ గ్రాఫ్ ఎక్కడ చెబుతుంది?

నేను ఇది నేర్చుకునే రోజుల్లో నాకు కంప్యూటర్ అందుబాటులో లేదు. సైన్, కోసైన్ పట్టికలు పక్కన పెట్టుకుని చేత్తో చేసేవాణ్ణి. పదహారు శాంపుల్‌లకు (సిగ్నల్ నుంచి వరసగా తీసిన కొలతలకు) 256 గుణకారాలు. మధ్యలో ఒక్క మైనస్ జారిపోతే మళ్ళీ మొదటికి వచ్చేది. ఆ చాకిరీలోనే నాకు ఫేజ్ మీద గురి కుదిరింది, ఎందుకంటే గుర్తులే నన్ను ఎక్కువ ఏడిపించాయి. గణితవేత్త గాస్ కూడా చేతి లెక్కలు చేసినవాడే. గ్రహశకలాల కక్ష్యలు లెక్కగట్టేందుకు 1805 ప్రాంతంలో ఆయన ఈ లెక్కకు ఒక అడ్డదారి కనిపెట్టి, కాగితాల్లోనే ఉంచేశాడు. 1965లో కూలీ, ట్యూకీ అనే ఇద్దరు అదే దారిని మళ్ళీ కనిపెట్టి కంప్యూటర్‌కు నేర్పారు. 1024 శాంపుల్‌లకు పది లక్షలు దాటే గుణకారాలు పదివేల ప్రాంతానికి దిగివచ్చాయి. ఇవాళ నువ్వు ఒక్క లైను కోడ్ రాస్తే రెప్పపాటులో అయిపోతోంది. సంతోషమే. కానీ ఆ లైను తిరిగిచ్చే జవాబులో సగాన్ని మ్యాగ్నిట్యూడ్‌ను మాత్రమే ఉంచే "యాబ్స్" అన్న ఒక్క పిలుపుతో తుడిచేస్తున్నావు. ఏం తుడిచావో ఒక్కసారైనా చేత్తో చేసి తెలుసుకోవాలి కదా.

అప్పట్లో ఒక పత్రికకు ఫోరియర్ మీద వ్యాసం పంపాను. అందులో ఫేజ్ గురించి రాసిన భాగమే నా ప్రాణం. ఎడిటర్ దాన్ని మొత్తం కొట్టేసి, "పాఠకుడికి బరువు" అని అంచున రాసి, ఆ జాగాలో ప్రిజం బొమ్మ వేసి అచ్చు వేశారు. ఆ కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు. తెల్లని వెలుగును రంగులుగా విడదీసే ప్రిజం అందంగానే ఉంటుంది. దాన్ని చూసిన పాఠకుడికి ఏ రంగులున్నాయో తెలుస్తుంది, ఏ రంగు ఎప్పుడు వచ్చిందో తెలియదు. అంటే ఆ బొమ్మ నేర్పేది కూడా సగమే. పాఠకుడికి బరువని ఎడిటర్‌లు అనుకునేది చాలాసార్లు వాళ్ళకు బరువైనది. నువ్వు కూడా ప్రిజంతోనే మొదలుపెట్టావు. తీసెయ్.

ఇక బొమ్మల సంగతి. వ్యాసంలో ఈ భాగం నువ్వు హడావుడిగా ముగించావు, అసలు రుచి ఇక్కడే ఉంది. 1981లో ఆపెన్‌హైమ్, లిమ్ ఫేజ్ ప్రాధాన్యం మీద ఒక పేపర్ వేశారు. అందులోని ప్రయోగం నీ కంప్యూటర్‌లో ఐదు నిమిషాల పని. ఒక ముఖం ఫొటో, ఒక భవనం ఫొటో ఒకే సైజులో తీసుకుని రెండింటికీ ఫోరియర్ చెయ్యి. ముఖం నుంచి మ్యాగ్నిట్యూడ్, భవనం నుంచి ఫేజ్ తీసుకుని కలిపి వెనక్కి తిప్పు. కనిపించేది భవనం! కాస్త మసకగా, చుక్కలు చుక్కలుగా ఉంటుంది, కానీ కిటికీల గీతలు ఎక్కడివక్కడే ఉంటాయి. ముఖం జాడ కూడా ఉండదు. బొమ్మలో అంచు అంటే రకరకాల అలలన్నీ ఒకే చోట కలిసి లేచే స్థలం. ఎక్కడ కలవాలో చెప్పేది ఫేజ్. మన కన్ను పట్టుకునేది అంచునే కాబట్టి, బొమ్మ ఫేజ్ వెంటే వెళ్తుంది.

ఫొటోలను కుదించి దాచే జేపెగ్‌లో వాడే కోసైన్ ట్రాన్స్‌ఫార్మ్‌లో ఫేజ్ లేదు కదా అంటావేమో. అక్కడ ఆ పనిని ప్లస్, మైనస్ గుర్తులు చేస్తాయి. బొమ్మను 8×8 చదరాలుగా కోసి, ఒక్కో చదరం నుంచి 64 సంఖ్యలు తీస్తారు. వాటిలో మైనస్‌లన్నిటినీ ప్లస్‌లు చేసి వెనక్కి తిప్పి చూడు, బొమ్మ ఏమైపోతుందో. అసలు చదరాలుగా కోయడమే "ఎక్కడ" అన్నదాన్ని చేజారనివ్వకుండా పట్టుకోవడానికి. ఆ ట్రాన్స్‌ఫార్మ్ ఆలోచన నాసిర్ అహ్మద్‌ది. 1972లో అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌ను నిధులు అడిగితే ఇవ్వలేదు. ఆలోచన మరీ సులువుగా ఉందని పరిశీలకుల్లో ఒకరు అభిప్రాయపడ్డారట, అహ్మదే తర్వాత రాసుకున్నాడు. నిధులు లేకుండానే నటరాజన్, కె. ఆర్. రావులతో కలిసి 1974లో పేపర్ వేశాడు. 1992లో జేపెగ్ ప్రమాణం దాని మీదే నిలబడింది. ఫోరియర్ 1807లో ఇచ్చిన పత్రాన్ని కూడా లాగ్రాంజ్ అంతటి గణితవేత్త ఒప్పుకోలేదు. అది పుస్తకంగా రావడానికి 1822 దాకా పట్టింది. కాదన్నవాళ్ళ మాట పట్టుకుని రాయడం ఆపేసేవాళ్ళను నేను చాలామందిని చూశాను. అందుకే నీకు ఈ సంగతులు చెబుతున్నాను.

మళ్ళీ నీ ఈసీజీకి వద్దాం. నాలుగు సెకన్ల ముక్క తీసుకుని, నిమిషానికి 72 సార్లు కొట్టుకునే గుండెకూ 75 సార్లు కొట్టుకునే గుండెకూ తేడా స్పెక్ట్రంలో "స్పష్టంగా" కనిపించిందన్నావు. సెకనుకు ఎన్నిసార్లన్నది హెర్ట్జ్ కాబట్టి 72 అంటే 1.2 హెర్ట్జ్, 75 అంటే 1.25 హెర్ట్జ్. నాలుగు సెకన్ల రికార్డు స్పెక్ట్రంలో ఒక గీతకూ పక్క గీతకూ మధ్య దూరం 0.25 హెర్ట్జ్, అంటే నిమిషానికి 15 చప్పుళ్ళు. 0.05 తేడా అందులో ఎలా తేలుతుంది? దానికి కనీసం 20 సెకన్లు కావాలి. చివర సున్నాలు చేర్చి గీతల సంఖ్య పెంచావని గ్రాఫ్ చూస్తేనే తెలిసిపోతోంది. సున్నాలతో గ్రాఫ్ నునుపెక్కుతుంది తప్ప రికార్డులో లేని సమాచారం రాదు.

ట్రాన్స్‌ఫార్మ్ పక్కన పెట్టి అసలు ఈసీజీ గీతనే చూడు. సెకనుకు 360 శాంపుల్‌లున్న రికార్డు నీది. 72 చొప్పున కొట్టుకునే గుండెలో ఒక ఆర్ శిఖరం (ఒక్కో చప్పుడుకూ గీతలో లేచే ఎత్తైన మొన) నుంచి తర్వాతి శిఖరానికి 300 శాంపుల్‌లు. 75 అయితే 288. పన్నెండు శాంపుల్‌ల తేడా కంటికే కనిపిస్తుంది. ఒక చప్పుడు ముందే వచ్చిందా, ఒకటి ఎగిరిపోయిందా అన్నది కూడా ఆ దూరాలే చెబుతాయి. ఎప్పుడు అన్నది ప్రశ్న అయినప్పుడు ముందు సమయంలోనే వెతకాలి.

ఇంకొకటి, ఇది చూసి నిజంగా బాధేసింది. రికార్డులు ఎంఐటీ-బీఐహెచ్ ఈసీజీ సేకరణ నుంచి తీసుకున్నానని నువ్వే రాశావు. 47 మంది దగ్గర తీసిన 48 అరగంట రికార్డులు అవి, 1980 నుంచి అందుబాటులో ఉన్నాయి. వాటి మీద, మన కరెంటు ఫ్రీక్వెన్సీ దగ్గర రికార్డులో దూరే గోలను కోసేసే 50 హెర్ట్జ్ నాచ్ ఫిల్టర్ వేశావు. అవి అమెరికాలో తీసినవమ్మా, అక్కడి కరెంటు 60 హెర్ట్జ్. ఆ 60ని సులువుగా తీసెయ్యడానికి వీలవుతుందనే శాంప్లింగ్ రేటు 360 పెట్టారు. నువ్వు అందులో లేని గోలను తీసేసి, ఉన్న గోలను అలాగే వదిలేశావు. ఎవరిదో కోడ్ తెచ్చుకుని యథాతథంగా నడిపితే ఇలాగే అవుతుంది.

వేవ్‌లెట్‌ల (కాసేపు ఊగి ఆగిపోయే చిట్టి అలల) మీద నువ్వు రాసింది చరిత్ర వరకు సరిగానే ఉంది. 1946లో గేబర్ సిగ్నల్‌ను చిన్న చిన్న కిటికీల్లోంచి చూద్దామన్నాడు. కిటికీ ఇరుకైతే ఫ్రీక్వెన్సీ మసకేస్తుంది, వెడల్పైతే సమయం మసకేస్తుంది. చమురు కోసం భూమి లోపలి ప్రతిధ్వనులు పరిశీలించే మోర్లేకు ఒకే కిటికీ సరిపోలేదు. నెమ్మది కదలికలకు వెడల్పు కిటికీ, చురుకు కదలికలకు ఇరుకు కిటికీ కావాల్సి వచ్చింది. 1988లో డోబెషీ దానికి గట్టి గణిత రూపం ఇచ్చింది. వీళ్ళందరూ కష్టపడింది మ్యాగ్నిట్యూడ్ గ్రాఫ్‌లో పోయిన "ఎక్కడ"ను వెనక్కి తెచ్చుకోవడానికే. నీ వ్యాసంలో ఆ దారం కనిపించదు, పేర్లూ సంవత్సరాలే కనిపిస్తాయి. వేలిముద్రల ఉదాహరణ వాడుకో. అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ 1993లో వేలిముద్రలను కుదించి దాచడానికి జేపెగ్‌ను కాదని వేవ్‌లెట్ పద్ధతి తీసుకుంది. గట్టిగా కుదిస్తే 8×8 చదరాల అంచులు వేలి గీతల మీద అడ్డంగా పడేవి. వేలిముద్రలో గీత ఎక్కడ చీలింది, ఎక్కడ ఆగింది అన్నదే సాక్ష్యం.

ఏ సమయంలో ఏ ఫ్రీక్వెన్సీ ఎంత బలంగా ఉందో రంగుల్లో చూపుతూ చివర్లో పెట్టిన ఆ స్పెక్ట్రోగ్రామ్ ఈ కాలపు ఫ్యాషన్. అది వేసి, న్యూరల్ నెట్‌వర్క్‌కు ఇచ్చి, "ఏఐ కనిపెట్టింది" అనడం అందరికీ అలవాటైపోయింది. స్పెక్ట్రోగ్రామ్ అంటేనే మ్యాగ్నిట్యూడ్ పటం, అక్కడ కూడా ఫేజ్‌ను ముందే పారేశారు. అది వాడొద్దనను. ఏం పారేశావో ఆ బొమ్మ కిందే రాయి.

రెండో భాగం మొత్తం తిరగరాసి పంపు. మొదట ఎనిమిది అంకెల లెక్క చేత్తో చేసిన కాగితం ఫొటో తీసి పంపు, అది చూశాకే మిగతాది చదువుతాను. ముఖం, భవనం ఫేజ్‌లు మార్చి చేసిన రెండు బొమ్మలూ వ్యాసంలో పక్కపక్కన రావాలి. ప్రతి గ్రాఫ్ కింద ఎన్ని సెకన్ల రికార్డో, శాంప్లింగ్ రేటు ఎంతో, ఏ ఫిల్టర్ వేశావో రాయి. ఎడిటర్ ఫేజ్ భాగం తీసెయ్యమంటే ఒప్పుకోకు. వ్యాసమే వెనక్కి తీసుకుని నాకు పంపు, ఇంకోచోట అడుగుదాం.