ఆ డబ్బా కొన్న మనిషి ఎక్కడ?

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం చేరింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి బాగా నవ్వుకున్నాను. రెండోసారి ఎందుకో నవ్వు రాలేదు. విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లండులో అమ్ముడుపోయిన పేటెంట్ మందుల (తయారీ గుట్టు చెప్పకుండా ప్రకటనలతో అమ్మే మందుల) గురించి కష్టపడి సమాచారం పోగేశావు, వాక్యాలు కూడా చురుగ్గా నడిచాయి. కానీ అమ్మాయ్, ఏడు పేజీలు తిప్పినా ఆ మందు కొనుక్కున్న మనిషి ఒక్కడూ ఎదురుపడలేదు. ఒకచోట 'అమాయక జనం', ఇంకోచోట 'వెర్రి జనం', చివరికొచ్చేసరికి 'గొర్రెల మంద'. అంతే.

ముందు ఒక దిద్దుబాటు. 'ప్రభుత్వం పేటెంట్లు ఇచ్చి ప్రోత్సహించింది' అన్న వాక్యం కొట్టెయ్. ఆ మందుల్లో చాలావాటికి పేటెంటే లేదు. పేటెంటు కావాలంటే తయారీ గుట్టు బయటపెట్టాలి, గుట్టు బయటపడితే ఇక వ్యాపారమేముంది? ప్రభుత్వం చేసింది వేరే పని. 1783 నుంచి ఈ మందుల మీద పన్ను వేసి, ప్రతి డబ్బాకీ స్టాంపు అతికించమంది. షిల్లింగు సరుకుకు పెన్నీన్నర పన్ను. (షిల్లింగంటే పన్నెండు పెన్నీలు.) ఆనాటి ప్రకటనల్లో ధర ఎప్పుడూ 'ఒక షిల్లింగు ఒకటిన్నర పెన్నీ' అని కనిపించేది అందుకే. ఖజానాకు అది రాబడి. అమ్మేవాడికి మాత్రం వరమైంది. 'సర్కారు స్టాంపు చూసి కొనండి, అది లేనిదంతా నకిలీ' అని ప్రకటనలు వేశారు. చదువురాని మనిషికి ఆ ముద్ర చూపిస్తే ఏమనుకుంటాడు? మా ఊళ్లో స్టాంపు కాయితం మీద ఏం రాసున్నా కళ్లకద్దుకునే పెద్దలు ఉండేవారు. వాళ్లని నువ్వు వెర్రివాళ్లంటావా?

థామస్ బీచమ్‌కి రెండే వాక్యాలిచ్చావు. నేనైతే అక్కడే కూర్చుండిపోయేవాణ్ణి. గొర్రెలు కాసుకునే కుర్రాడు మాత్రలు చేసి విగన్ సంతలో అమ్మాడు, తర్వాత సెయింట్ హెలెన్స్‌లో పెద్ద ఫ్యాక్టరీకి యజమాని అయ్యాడు. 'డబ్బా గిన్నీ చేస్తుంది' అన్నది అతని ప్రకటన. గిన్నీ అంటే 21 షిల్లింగులు. 1909లో బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ ఇలాంటి మందుల్ని పరీక్ష చేయించి, ఫలితాలు పుస్తకంగా అచ్చేసింది. బీచమ్ మాత్రల్లో తేలినవి ముసాంబరం, శొంఠి, సబ్బు. 56 మాత్రలకు పట్టే సరుకు ఖర్చు అర ఫార్దింగు. ఫార్దింగంటే పెన్నీలో నాలుగోవంతు. కాగితం తీసి లెక్క కట్టు. డబ్బా అమ్మిన ధర ఇందాక చెప్పిన షిల్లింగు ఒకటిన్నర పెన్నీయే, అది ఖర్చుకు సరిగ్గా 108 రెట్లు వస్తుంది. అష్టోత్తరం! ఇలాంటి లెక్క ఒక్కటి దొరికితే 'దోపిడీ' అన్న మాట వ్యాసంలో వాడే పనే ఉండదు. నువ్వు తొమ్మిదిసార్లు వాడావు, లెక్కపెట్టాను.

అయితే ఆ సరుకు ఏమిటో కూడా చూడాలి కదా. ముసాంబరం అంటే ఎండబెట్టిన కలబంద రసం, నల్లటి చేదు ముద్ద. అది కడుపును కదిలిస్తుంది, అందులో మోసం లేదు. రొట్టె, టీ మీద బతికే మిల్లు కూలీ రాత్రి మాత్రలు వేసుకుంటే తెల్లారేసరికి ఒళ్లు తేలికపడేది. డబ్బా మీద రాసిన రోగాల జాబితాలో ఒకటి నిజంగానే తగ్గింది. మిగతావి కూడా తగ్గుతాయని అతను ఎందుకు నమ్మకూడదు? పోనీ డాక్టరు దగ్గరికే వెళ్లాడనుకో. పందొమ్మిదో శతాబ్దం మొదటి సగంలో అయితే జలగలు పట్టించేవాడు, లేదా పాదరసం కలిసిన మందు ఇచ్చేవాడు. దాంతో పళ్లు కదిలేవి, నోట్లోంచి చొంగ కారేది. పైగా ఫీజు.

నీ వ్యాసంలో డాక్టర్లంతా దేవుళ్లు, మందులమ్మేవాళ్లంతా రాక్షసులు. అంత తేలిక కాదు. అసలు ఎవరు డాక్టరో చెప్పే జాతీయ రిజిస్టరు 1858 చట్టంతో గానీ రాలేదు. ఆ తర్వాత పరువు పెరిగింది, ప్రకటనలు వేసుకోవడం చిన్నతనమైంది. గుమ్మం పక్కన ఇత్తడి పలక, రాత్రిపూట ఎర్ర దీపం, అంతవరకే మర్యాద. శతాబ్దం చివరికొచ్చేసరికి పేపర్లో సొంత డప్పు కొట్టుకున్న డాక్టరు పేరు రిజిస్టరులోంచి పోయే ప్రమాదం కూడా ఉండేది. అదే కాలంలో వైద్య పత్రికల్లోనే మాంస సారాలూ టానిక్ వైన్లూ ప్రకటనల పేజీలు నింపేవి. ఇది రాస్తే డాక్టర్లకు కోపం వస్తుందేమోనని టెన్షన్ పడకు, రాసెయ్.

పేపర్ల సంగతీ వదలకు. 1909 పుస్తకం వచ్చినప్పుడు దాని ప్రకటన వేయడానికి కొన్ని పత్రికలు ఒప్పుకోలేదు. మందుల కంపెనీల డబ్బుతోనే కదా వాళ్ల అచ్చు యంత్రం తిరిగేది. మందుకూ పత్రికకూ ఉన్న చుట్టరికం మనకు కొత్తేం కాదు. 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఆ రాబడి వల్లే ఆంధ్రపత్రికను నిలబెట్టగలిగారు. మందు డబ్బు అన్నిసార్లూ ఒకే దారిన పోలేదు. ప్రకటనల అప్పులు తీర్చలేక ఒకప్పుడు జైలుకెళ్లిన థామస్ హాలోవే, మాత్రలూ లేపనాలూ అమ్మిన సొమ్ముతో ఆడపిల్లలకు కాలేజీ కట్టించాడు. 1886లో స్వయంగా రాణే వచ్చి ప్రారంభించింది. అప్పటికి అతను పోయి రెండున్నరేళ్లు.

ఇక నవ్వు ఆపాల్సిన చోటు. క్లోరోడైన్ పేరు మీద నువ్వు వేసిన జోకు నాకు నచ్చలేదు. దాన్ని తయారుచేసిన కాలిస్ బ్రౌన్ మన దేశంలో పనిచేసిన సైనిక వైద్యుడు. 1848లో కలరాకని కలిపిన మందు అది. నల్లమందు, గంజాయి, క్లోరోఫాం. కలరా నయం కాలేదు గానీ నొప్పి తెలిసేది కాదు, విరేచనాలు కట్టేవి. కళ్ల ముందు మనిషి నీరైపోతుంటే అది చిన్న విషయమా? అనుకరణలు పుట్టుకొచ్చి కోర్టుకెక్కితే, 1864లో దాన్ని కనిపెట్టింది బ్రౌనేనని జడ్జి అన్నాడు. ఆ మాటనే దశాబ్దాల తరబడి ప్రకటనల్లో వేసుకున్నారు. పసిపిల్లలకు పట్టే గాడ్‌ఫ్రే కార్డియల్ అయితే తీపి పాకంలో నల్లమందే. ఫ్యాక్టరీకి వెళ్లే తల్లి బిడ్డను ఎవరి చేతిలోనో పెట్టి వెళ్తే, వాళ్లు నిద్రకని అది పట్టించేవారు. కొందరు పిల్లలు ఇక లేవలేదు. 1868 చట్టం నల్లమందు అమ్మకాన్ని కట్టడి చేసింది, పేటెంట్ మందుల్ని మాత్రం వదిలేసింది. ఈ వాక్యం పక్కన ఇంకేమీ రాయొద్దు, ఖాళీ వదులు.

కార్బాలిక్ స్మోక్ బాల్ కేసును ఒక్క పేరాలో ముగించావు, అది నాకు బాధేసింది. మన దగ్గర లా చదివే ప్రతి పిల్లకీ పిల్లాడికీ ఈ కార్లిల్ కేసంటే ఆఫర్, యాక్సెప్టెన్స్ (ఒప్పందం ఎలా కుదురుతుందన్న పాఠం) అని నోటికొచ్చు. మనిషి మాత్రం ఎవరికీ తెలియదు. ఆ స్మోక్ బాల్ అంటే రబ్బరు బంతి, లోపల కార్బాలిక్ అనే క్రిమిసంహారక పొడి. నొక్కితే గొట్టంలోంచి ముక్కులోకి పోతుంది. ఖరీదు పది షిల్లింగులు. రోజుకు మూడుసార్లు, రెండు వారాలు వాడాక కూడా ఇన్‌ఫ్లూయెంజా వస్తే వంద పౌన్లు ఇస్తాం, నమ్మకానికి వెయ్యి పౌన్లు బ్యాంకులో వేశాం అని 1891 నవంబరులో ప్రకటన. లూయిసా కార్లిల్ ఆ నెల 20న కొంది. నవంబరు, డిసెంబరు, జనవరి, రోజూ మూడుసార్లు ఆ పొడి పీల్చింది. 1892 జనవరి 14న సాక్షాత్తూ రాణిగారి మనవడే ఇన్‌ఫ్లూయెంజా పట్టుకుని, అది న్యుమోనియాలోకి దిగి చనిపోయాడు. 17న ఈవిడ మంచమెక్కింది. ఆ మూడు రోజులు ఆ ఇంట్లో ఎలా గడిచి ఉంటాయో కాసేపు కూర్చుని ఆలోచించు. కల్పించి రాయమనడం లేదు. ఆ తేదీలు రెండూ పక్కపక్కన పెట్టు, చాలు.

కంపెనీ ఒడ్డున పడాలని 'ప్రకటనల్లో ఇలాంటి గొప్పలు మామూలే' అన్న వాదన తెచ్చింది. మరి బ్యాంకులో వెయ్యి పౌన్లు ఎందుకేశారని కోర్టు దాన్ని తోసేసింది. వంద పౌన్లు ఇవ్వాల్సొచ్చింది. ఆ తర్వాత కంపెనీ ఇంకో ప్రకటన వేసింది. ఇన్ని వేల బంతులు అమ్మితే బహుమతి అడిగింది ముగ్గురేనట, కాబట్టి మందు గొప్పదేనట, ఈసారి రెండు వందల పౌన్లట! ఈ తెలివికి ఎంత కోపమొచ్చినా, దణ్ణం పెట్టకుండా ఉండలేను.

దణ్ణం ఎందుకంటే, నేనూ ఆ పని చేసినవాణ్ణే. నీకు ఎప్పుడూ చెప్పలేదు. ఇరవయ్యేళ్ల వయసులో ఒక వారపత్రికలో ప్రూఫులు దిద్దేవాణ్ణి. వెనక పేజీల్లో టానిక్ ప్రకటన వేసే ఆయన 'వాడినవాళ్ల ఉత్తరాలు' కావాలన్నాడు, ఉత్తరానికి ఐదు రూపాయలు. ఒక్క రాత్రిలో నాలుగు రాశాను. రిటైరైన హెడ్‌మాస్టరు, బాలింత, లారీ డ్రైవరు, ఒక పెద్దావిడ. పెద్దావిడ ఉత్తరంలో 'రాత్రయితే ఎముకల్లోంచి ఎవరో దారం లాగుతున్నట్టు ఉండేది' అని రాశాను. ఆ మాట నాది కాదు. మా పెద్దమ్మ కాళ్లు పట్టించుకుంటూ రోజూ అనే మాట.

అచ్చయిన వారమే పెద్దమ్మ ఎప్పటిలా నా చేత పత్రిక చదివించుకుంది. సీరియల్ అయ్యాక వెనక పేజీ కూడా చదవమంది. చదివాను. 'ఎవరో మహాతల్లి, అచ్చం నా బాధేరా' అని కొంగు ముడి విప్పి డబ్బులు తీసింది. నేనే వెళ్లి సీసా కొనుక్కొచ్చాను. ఆరు నెలలు వాడింది. మధ్యలో రెండు మూడుసార్లు నిజం చెప్పాలని నోటిదాకా వచ్చింది, చెప్పలేదు.

నీ వ్యాసంలో లేనిది ఆ దారం మాట. ఆ ప్రకటనలు రాసినవాళ్ల దగ్గర అది ఉంది, కాబట్టే మాత్ర అమ్ముడుపోయింది. మళ్లీ వెళ్లి ఆ పాత ప్రకటనల్ని నవ్వకుండా చదువు. మందు పేరు, బహుమతులు, పతకాల బొమ్మలు దాటేసి, రోగం వర్ణించిన వాక్యాల దగ్గర ఆగు.

నాలుగో పేజీలో ఈనో గురించి రాసినప్పుడు, న్యూకాసిల్‌లో పుట్టిన ఆ ఫ్రూట్ సాల్ట్ ప్యాకెట్ మీ వంటింటి అల్మరాలో ఉందో లేదో చూసి రాయి. గ్రైప్ వాటర్ కూడా 1851లో నాటింగ్‌హామ్‌లో ఉడ్‌వర్డ్ అనే ఆయన తయారుచేసిందే. నీకు పట్టించారో లేదో మీ అమ్మనడుగు.

రెండో ప్రతి పోస్టులో పంపకు, సంక్రాంతికి వచ్చేటప్పుడు చేత్తో తీసుకురా. పెద్దమ్మ టానిక్ సీసా ఒకటి మా అటక మీద ఉండాలి. ఆవిడ పోయాక అందులో కిరోసిన్ పోసుకునేవాళ్లం. లేబుల్ సగం చిరిగింది గానీ, ఉత్తరాలున్న వైపు బాగానే ఉంది.

ఇట్లు,
మీ మాస్టారు