ముగింపు మీద కోపం వచ్చినప్పుడు

అమ్మలూ, చిరంజీవిగా వర్ధిల్లు.

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మాస్ ఎఫెక్ట్ 3 అనే వీడియో గేమ్ ముగింపు మీద నీ కోపం న్యాయమైనదే. ఆ సిరీస్‌లోని మూడు గేమ్‌ల పొడవునా ఆచితూచి నిర్ణయాలు తీసుకున్నవాళ్లకు చివర్లో దక్కినవి ఎరుపు, నీలం, ఆకుపచ్చ అని రంగు తప్ప పెద్దగా తేడా కనిపించని మూడు దారులు. 2012లో అది విడుదలైనప్పుడు అభిమానులు ఎంత గొడవ చేశారంటే, అదే ఏడాది జూన్‌లో ముగింపును పొడిగించి ఉచితంగా ఇవ్వాల్సి వచ్చింది.

అయినా నీ వ్యాసంలో ఒక లోటు ఉంది. కథ చెత్త అన్నావు గానీ, ఆ కథ నీకు ఏ మాట ఇచ్చి తప్పిందో చెప్పలేదు. మనం కోరుకున్నది జరగకపోవడం వేరు, కథ తాను ఇచ్చిన మాట తప్పడం వేరు. మొదటిది మన బాధ, రెండోది కథలోని లోపం. రాయడానికి కూర్చునే ముందే ఈ రెండింటినీ విడదీసుకో.

అదే గేమ్‌లో టుచాంకా గ్రహం మీది ఘట్టం తలుచుకో. అక్కడి క్రోగన్లు అనే గ్రహాంతర జాతి సంతానాన్ని అణిచిపెట్టిన జెనోఫేజ్ అనే కృత్రిమ వ్యాధికి విరుగుడు వెదజల్లడానికి మోర్డిన్ కూలిపోతున్న గోపురం పైకి వెళతాడు. ఒకప్పుడు ఆ జెనోఫేజ్ బలం తగ్గకుండా దాన్ని మార్చిన శాస్త్రవేత్తల్లో అతనూ ఒకడు. పైన చుట్టూ మంటలు, పేలుళ్లు. చేతులు పనిలో ఉంటే నోట కూనిరాగం. ఆ రాగం పూర్తి కాదు, మధ్యలోనే తెగిపోతుంది. నేను కంట్రోలర్ పక్కన పెట్టి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

ఇక్కడ చూడవలసినది ఇంకొకటి ఉంది. మొదటి గేమ్‌లో క్రోగన్ యోధుడు రెక్స్ చనిపోయి, రెండో గేమ్‌లో మోర్డిన్ శిష్యుడు మేలన్ ఆ విరుగుడు కోసం చేసిన పరిశోధన సమాచారాన్ని మనం చెరిపేసి ఉంటే, మోర్డిన్‌ను వెనక్కి తగ్గమని ఒప్పించవచ్చు. అప్పుడు అతను బతుకుతాడు. 2007 నాటి గేమ్‌లో తీసుకున్న ఒక నిర్ణయం అయిదేళ్ల తర్వాత ఒక మనిషి చావుబతుకులను తేలుస్తుంది! నీ నిర్ణయాలకు విలువ ఉంటుందన్నదే ఈ గేమ్‌లు ఇచ్చిన మాట. టుచాంకాలో ఆ మాట నిలబడింది, చివరి పది నిమిషాల్లో నిలబడలేదు. ఈ రెండు ఘట్టాలనూ పక్కపక్కన పెట్టి రాశావంటే, చెత్త అనే మాట నీకు అవసరమే పడదు.

టీవీ సిరీస్‌ను మాత్రం ఈ తూకంతో తూచకు. అక్కడ మన చేతిలో ఏమీ ఉండదు. మంచి సిరీస్ మనల్ని ఏళ్ల తరబడి ఎదురుచూడమని అడుగుతుంది, ఆ నిరీక్షణకు తగిన ఫలితం ఇస్తానంటుంది. బాబిలోన్ 5 అనే సిరీస్‌ను మనిద్దరం కలిసే చూశాం కాబట్టి దాచకుండా చెబుతున్నాను. 1994లో మొదటి సీజన్ మొదలవుతూనే లొండో అనే రాయబారి తన చావును కలలో చూశానంటాడు. అతని చేతులు శత్రుజాతి రాయబారి జికార్ గొంతు మీద, జికార్ చేతులు అతని గొంతు మీద. బద్ధశత్రువుల పోట్లాట అనే అనుకుంటాం. రెండేళ్లకు ఆ దృశ్యం నిజంగా కళ్లముందుకు వచ్చేసరికి, ముసలి చక్రవర్తి అయిన లొండో, తనను చంపమని ఇప్పుడు పాత మిత్రుడైన జికార్‌ను వేడుకోవడం కనిపిస్తుంది. కలలో చెప్పింది ఒక్కటీ మారలేదు, దాని అర్థమే తలకిందులైంది. సైన్స్ ఫిక్షన్ సిరీస్‌లలో అంతరిక్ష నౌకల కంటే నాకు ఇలాంటివే ప్రాణం.

అదే సిరీస్‌లో నాలుగో సీజన్ పరుగులు పెడుతుంది, అయిదోది నెమ్మదిస్తుంది. దానికి కారణం ఉంది. అయిదేళ్ల కథగా ముందే అనుకున్నా, అయిదో సీజన్ ఉంటుందో లేదో తెలియక పెద్ద యుద్ధాలన్నీ నాలుగోదాంట్లోనే ముగించేశారు. కారణం తెలిసినంత మాత్రాన లోపం లోపం కాకుండా పోదు, కానీ రచయితను నిందించే ముందు అది తెలిసి ఉండాలి. ఫైర్‌ఫ్లై అనే సిరీస్ అయితే 2002లో ప్రసారమైనప్పుడు మొదటి ఎపిసోడ్‌నే చివర వేశారు. ఆ వరుసలో చూసి పాత్రల పరిచయం సరిగా లేదన్నవాళ్ల తప్పేముంది?

ఇంకో రెండు మాటలు. ఒక గేమ్‌ను ఎవరో ఆడుతున్న వీడియో చూసి దాని కథ మీద తీర్పు చెప్పకు. ఎంచుకున్నది నువ్వు కాకపోతే ఆ బరువు నీకు తెలియదు. వీలైతే రెండోసారి వేరే దారిలో ఆడి చూడు. ముగింపు బయటపెట్టే వాక్యాలుంటే ముందే హెచ్చరించు, మొదటిసారి చూసేవాళ్ల ఆనందం మనం తిరిగి ఇవ్వలేనిది. నీకు నచ్చనిది ఇంకొకరికి నచ్చిందంటే వాళ్లకు ఏ ఘట్టం తగిలిందో అడుగు. నాకు కొన్ని పాత్రలు అలా అడిగిన తర్వాతే అర్థమయ్యాయి.

వ్యాసాన్ని టుచాంకా దగ్గర మొదలుపెట్టి తిరగరాసి పంపించు. నీ ఆటలో రెక్స్ బతికే ఉన్నాడా, లేడా? అది కూడా రాయి.

మీ పెద్దమ్మ