డీజిల్ పడిన చెరువులో జియోలైట్ చల్లొచ్చా?

ప్రశ్న: మాది భీమవరం దగ్గర రెండెకరాల వనామి చెరువు. మొన్న గట్టు మీద ఇంజన్ పైపు ఊడి డీజిల్ కారింది, చూసుకునేసరికి ఓ మూలంతా రంగురంగుల తెట్టు కట్టేసింది. షెడ్డులో నాలుగు బస్తాల జియోలైట్ ఉంది, చల్లేయమంటారా? షాపాయనేమో మామూలుది కాదు, మోడిఫైడ్ జియోలైట్ అయితే నూనె కూడా లాగేస్తుందంటున్నాడు. నిజమేనా? – ఓ రొయ్యల రైతు

జవాబు: షెడ్డులో ఉన్నది చల్లకండి, దండగ. షాపాయన చెప్పింది అబద్ధం కాదు గానీ ఆ సరుకు చెరువులో చల్లేది కాదు.

ముందు తెట్టున్న వైపు ఏరియేటర్లు ఆపండి, అవి తిరిగితే పైన తేలే డీజిల్‌ని చిలికి నీళ్ళలో కలిపేస్తాయి. మిగతావి మాత్రం నడవాలి, తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతే డీజిల్ కన్నా ముందు అదే చంపుతుంది. ఎండు వరిగడ్డిని పాత వలలో కుక్కి పొడుగ్గా చుట్టి, తెట్టు చుట్టూ తేలేసి మెల్లగా ఒడ్డుకి లాగండి. గడ్డి నూనెని బాగానే పీలుస్తుంది. ఆ గడ్డిని గట్టు మీద వదిలేశారో, వానకి మళ్ళీ చెరువులోకే.

ఇక జియోలైట్ సంగతి. అది సిలికాన్, అల్యూమినియం, ఆక్సిజన్ అల్లుకున్న సన్నని గూళ్ళ రాయి. అల్యూమినియం ఉన్నచోటల్లా రుణావేశం మిగులుతుంది, దాన్ని సరిపెట్టడానికి సోడియం, కాల్షియం లాంటివి గూళ్ళలో కూర్చుంటాయి, అవి లేచి అమోనియంకి చోటిస్తాయి కాబట్టే చెరువులో అమోనియా తగ్గడానికి మీరంతా చల్లుతున్నారు. (ఉప్పునీటి చెరువులో సోడియం పోటీకొస్తుంది, ఆ పనీ అంతంతమాత్రమే.) నీళ్ళంటే దానికి మహా ఇష్టం. 1756లో స్వీడన్‌కి చెందిన ఖనిజ శాస్త్రవేత్త క్రాన్‌స్టెట్ దాన్ని కాలిస్తే లోపలి నీరు ఆవిరై బుసబుస పొంగింది, గ్రీకులో ‘మరిగే రాయి’ అని పేరు పెట్టాడు. అలా కడుపునిండా నీళ్ళు తాగిన రాయికి నూనె పట్టదు. నమ్మకం లేకపోతే గ్లాసు నీళ్ళలో రెండు చుక్కల డీజిల్, చెంచాడు జియోలైట్ వేసి కలిపి చూడండి, పొడి అడుక్కి, రంగుల తెట్టు పైకి.

మోడిఫైడ్ అంటే ఆ రాయికి తొడుగు వేయడం. కుంకుడురసంలో ఓ కొస నీళ్ళని, ఓ కొస జిడ్డుని పట్టే పదార్థం ఉంటుంది కదా, అలాంటిదే, కాకపోతే తలకి, అంటే నీళ్ళని పట్టే కొసకి, ధనావేశం ఉన్నది (హెచ్‌డీటీఎంఏ అనేది ఎక్కువగా వాడతారు) జియోలైట్‌తో కలుపుతారు. అది గూళ్ళలో దూరలేనంత పెద్దది, అందుకని రాయి పైనే తల ఆన్చి, జిడ్డుని పట్టే తోక బయటికి పెడుతుంది. మోతాదు పెంచితే తోకల్లో తోకలు దూర్చుకుని రెండో వరస కడుతుంది. ఆ తోకల మధ్య పలచని నూనెపొర లాంటిది ఏర్పడుతుంది, డీజిల్ లాంటి నూనెల్లోంచి వచ్చి నీళ్ళలో కరిగిన బెంజీన్, టోలీన్, జైలీన్ అందులోకి జారుకుంటాయి. నీళ్ళలో ఎంత తక్కువ కరిగేదైతే అంత బాగా పడుతుంది, అందుకే బెంజీన్ కన్నా జైలీన్ తేలిగ్గా చిక్కుతుంది.

చమురు, గ్యాస్ బావుల్లోంచి పైకొచ్చే మురికినీటిని ఇలాంటి జియోలైట్ నింపిన గొట్టాల్లోంచి పంపి చూశారు, పట్టింది నిండాక గాలి ఊదితే ఆ బెంజీన్ లాంటివి ఆవిరై వదిలిపోయి జియోలైట్ మళ్ళీ పనికొస్తుంది. అంటే నీళ్ళు దాని దగ్గరికి రావాలి, అది నీళ్ళలోకి పోకూడదు. పూత సరిగా అంటకపోతే ఊడొచ్చే ఆ రసాయనం రొయ్యకి విషం. పైగా తేలే తెట్టుకి అడుక్కి మునిగే పొడి ఏం చేస్తుంది చెప్పండి?

పట్టుబడికి ముందు నాలుగు రొయ్యలు ఉడికించి వాసన చూడండి. డీజిల్ కంపు తగిలితే ఆ పూట వల దింపొద్దు.