ఏనుగు బొమ్మ అల్లబోతున్న అమ్మలుకి

అమ్మలూ,

పెద్దమ్మ ఆశీస్సులు. తిరుమలలో ఏనుగుని చూసొచ్చిన దగ్గర్నుంచీ బుజ్జిగాడికి అదే ధ్యాసనీ, రెండో పుట్టినరోజుకి వాడంత ఏనుగుని నువ్వే ఊలుతో అల్లబోతున్నావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం తల్లీ. స్వెట్టర్లు అల్లిన చేయి కాబట్టి కుట్లు ఎక్కించడం, దించడం నీకు కొత్త కాదు. కానీ బొమ్మ సంగతి వేరు. దాన్ని పిల్లాడు ఈడుస్తాడు, దాని మీదెక్కి కూర్చుంటాడు, చెవి నోట్లో పెట్టుకుంటాడు. అందుకని ఏ ముక్క మొదలుపెట్టినా ముందు "వీడు దీన్ని ఎక్కడ పట్టుకుని లాగుతాడు?" అని ఆలోచించుకో. అందం సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.

వాడంత ఏనుగు మాత్రం వద్దమ్మా. రెండేళ్ల పిల్లలు సుమారు 85 సెంటీమీటర్ల ఎత్తుంటారు. బొమ్మని చంకనెట్టుకుని ఈ గదిలోంచి ఆ గదిలోకి మోసుకుపోగలిగితేనే అది వాడిదవుతుంది. కూర్చున్న ఏనుగు 45 సెంటీమీటర్లుంటే వాడికి బాగా పెద్దదే. పైగా సైజు పెరిగితే సరుకు ఎలా పెరుగుతుందో చూడు: అదే ఊలుతో ఎత్తు రెండింతలు చేస్తే ఊలు నాలుగింతలు పడుతుంది, లోపల కూరేది ఎనిమిదింతలు పడుతుంది. 45 సెంటీమీటర్ల ఏనుగుకి మామూలు మందం ఊలు ఓ అరకిలో, కూరే దూది ముప్పావు కిలో దగ్గర పెట్టుకో.

ఊలంతా ఒకేసారి కొను. ఉండ చుట్టూ ఉన్న కాగితం మీద రంగు నంబరుతో పాటు లాట్ నంబరు, అంటే ఏ విడతలో రంగు వేశారో చెప్పే నంబరు కూడా ఉంటుంది, అది అన్నిటికీ ఒకటే ఉండాలి. వేర్వేరు లాట్లయితే కొట్లో తేడా తెలియదు, అల్లాక ఏనుగు వీపు మీద గీత గీసినట్టు తెలుస్తుంది. ఒకే లాట్ సరిపడా దొరకకపోతే రెండో లాట్‌ని అరికాళ్లకీ చెవుల లోపలికీ వాడుకో. లూధియానా నుంచి వచ్చే వర్ధమాన్, ఓస్వాల్ కంపెనీల ఊలులో అక్రిలిక్ రకాలు తేలికగా ఉంటాయి, ఉతుక్కోవచ్చు. అయితే బెజవాడ ఎండల్లో అక్రిలిక్ బొమ్మని కౌగిలించుకుని పడుకుంటే పిల్లాడు చెమటతో తడిసిపోతాడు. నూలూ అక్రిలిక్కూ కలిసిన దారం దొరికితే మీ ఊరికి అదే మేలు. అచ్చం నూలైతే బొమ్మ బరువెక్కుతుంది, సాగదు కాబట్టి అల్లేటప్పుడు నీ వేళ్లూ నొప్పెడతాయి. పీచు రేగే మోహేర్, అంగోరా జోలికి పోకు. ఆ పీచు పిల్లల నోట్లోకి పోతుంది.

మీ అత్తగారు నరసాపురం వాళ్లు కదా, క్రోషాతో చెయ్యకూడదా అని ఆవిడ అనొచ్చు. నరసాపురం క్రోషా లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, అంత గొప్ప పని అది. క్రోషా బొమ్మ ఆకారం చక్కగా నిలుస్తుంది కూడా. కానీ కొంచెం బిర్రుగా ఉంటుంది. పెద్ద బొమ్మని గుండెలకి హత్తుకున్నప్పుడు మెత్తగా నొక్కుకోవాలంటే రెండు సూదుల అల్లికే నయం. ఆవిడ చేత ఏనుగు వీపు మీద పరిచే పట్టా అల్లించు. చిన్న వేళ్లు ఇరుక్కునే చిల్లులు లేకుండా దగ్గర అల్లిక వెయ్యమను.

సూదుల విషయంలో జాగ్రత్త. నీ దగ్గరున్న పాత 10 నంబరు సూదులు మూడుంపావు మిల్లీమీటర్లవి. నువ్వు యూట్యూబులో చూసే అమెరికా వాళ్ల 10 నంబరు ఆరు మిల్లీమీటర్లు. మనకి నంబరు పెరిగితే సూది సన్నమవుతుంది, వాళ్లకి లావవుతుంది. కాబట్టి మిల్లీమీటర్లే చూసుకో. ఊలు కాగితం మీద 4 మిల్లీమీటర్ల సూది అని ఉంటే బొమ్మకి మూడుంపావుతో అల్లు. ముందు అరచేయంత ముక్క అల్లి, దాని వెనక తెల్లదూది పెట్టి అన్ని వైపులా లాగి చూడు. కుట్ల సందుల్లోంచి తెలుపు కనిపిస్తే ఇంకా సన్న సూదికి దిగు.

ఒంటికీ కాళ్లకీ ఒక వరుస సీదా, ఒక వరుస ఉల్టా. చెవులకి మాత్రం అన్నీ సీదా వరుసలే వెయ్యి, అప్పుడు అంచులు ముడుచుకోవు. కాళ్లు జతగా అల్లు: ఒకే సూది మీద పక్కపక్కనే, రెండు ఉండలతో. ఎక్కడ పెంచావో, ఎక్కడ తగ్గించావో లెక్కపెట్టుకోకుండానే రెండూ ఒకేలా వస్తాయి.

తొండం ఒక్కటే కాస్త పని పెడుతుంది. గొట్టంలా తిన్నగా అల్లి దారంతో లాగి వంచితే నాలుగు రోజుల్లో ఆ దారం తెగుతుంది. వంపు అల్లికలోనే రావాలి. ఆరు వరుసలకోసారి, వరుస చివరిదాకా పోకుండా నాలుగు కుట్లు ఉండగానే తిప్పి వెనక్కి అల్లు, రెండో వైపూ అలాగే నాలుగు వదిలి తిప్పు, ఆ పైన మళ్లీ పూర్తి వరుసలు. మధ్యలో పొడుగు పెరిగి, కలిపి కుట్టాక తొండం కుట్టు ఉన్న వైపుకి తనంతట తనే వంగుతుంది. ఆ కుట్టు కిందికి రావాలి. తిప్పే ముందు పక్క కుట్టుకి ఊలు ఒక చుట్టు చుట్టి తిప్పు, లేకపోతే అక్కడ చిల్లు పడుతుంది.

బూరుగు దూది ఎంత మెత్తనైనా వద్దు. తడిస్తే ఉండలు కడుతుంది, ఆరదు, ముక్క వాసన వస్తుంది. దిండ్లకి వాడే పాలిస్టర్ దూది తీసుకో. వేళ్లతో బాగా విప్పి, పెద్ద పెద్ద పిడికిళ్లుగా పెట్టు. చిన్న ముక్కలు కూరితే పైకి గడ్డలు తేలతాయి. పొట్ట మెత్తగా ఉండనీ, తొండం మొదలూ మెడా మాత్రం గట్టిగా దట్టించు. పెద్ద బొమ్మలన్నిటికీ మొదట వాలిపోయేది మెడే. అందుకని ఒంటి పైభాగాన్ని మరీ సన్నం చెయ్యకు, భుజాల వెడల్పులో మూడింట రెండు వంతులైనా తలకి ఆనాలి. తలని చుట్టూ కుట్టుకుంటూ వచ్చి, చివర రెండంగుళాలు ఉందనగా ఆ సందులోంచి ఇంకో రెండు పిడికిళ్లు దూది నెట్టి అప్పుడు మూసెయ్యి. తర్వాత అదే దారి వెంట మరో చుట్టు కుట్టు. చెవుల్ని ఒకే గీతగా కాకుండా ముందంచూ వెనకంచూ రెండూ కుట్టాలి, ఎందుకంటే వాడు పట్టుకు లాగేది వాటినే. అన్నీ అయ్యాక నువ్వే చెవి పట్టుకుని బొమ్మని పైకెత్తు. కుట్టు నోరు తెరిస్తే విప్పి మళ్లీ కుట్టు.

అమర్చేటప్పుడు రంగు తలల గుండుసూదులే వాడు, పెట్టినన్ని లెక్కరాసి, తీసినప్పుడు సరిచూసుకో. ఇందులో బద్ధకం పనికిరాదు తల్లీ.

కళ్లకి గుండీలు, పూసలు పెట్టొద్దు. వెనక బిళ్ల బిగించే ప్లాస్టిక్ కళ్లు కూడా వద్దు, అల్లిక సాగేది కాబట్టి బిళ్లతో సహా బయటికొచ్చేస్తాయి. మూడేళ్లలోపు పిల్లల బొమ్మల్ని పరీక్షించేటప్పుడు దాదాపు 32 మిల్లీమీటర్ల వెడల్పు గొట్టం వాడతారు. ఊడిన ముక్క అందులో పూర్తిగా పడితే అది గొంతుకి అడ్డం పడే సైజన్నమాట. నల్ల ఊలుతో కళ్లు కుట్టెయ్. దంతాలూ అక్కర్లేదు, మన దేశపు ఆడ ఏనుగులకి దంతాలు బయటికి కనిపించవు. ముచ్చట కావాలంటే తెల్ల దారంతో గోళ్లు కుట్టు, ముందు కాళ్లకి అయిదేసి, వెనక కాళ్లకి నాలుగేసి. తోక బెత్తెడు మించనీకు. ఇంకోటి, మీ తోడికోడలి పాపకి ఇంకా ఏడాది నిండలేదు కదా, ఆ పాప పడుకునే ఉయ్యాల్లో ఈ ఏనుగునే కాదు, ఏ మెత్తటి బొమ్మనీ పెట్టనివ్వకండి.

ఉతకాల్సి వస్తే దిండు గలీబులో పెట్టి మూతి కట్టి, చన్నీళ్లలో నెమ్మదిగా తిప్పు. పిండకు, తువ్వాలులో చుట్టి నొక్కు. తీగకి వేలాడదీస్తే సాగుతుంది, నవ్వారు మంచం మీద పడుకోబెట్టి తిప్పుతూ ఆరబెట్టు. పైన ఆరినా లోపల తేమ ఉంటుంది, ఇంకో రోజు ఉంచు. ఇస్త్రీ పెట్టె దాని దగ్గరికి తేవొద్దు.

మిగిలిన ఊలుతో చిన్న కండె చుట్టి, ఉతికిన ప్రతిసారీ బొమ్మతో పాటు అదే గలీబులో వెయ్యి. రెండూ ఒకేలా వెలుస్తాయి, రేపు చెవి చినిగితే అతుకు కనిపించదు. తొండం దగ్గర తికమకైతే వీడియో కాల్ చెయ్యి, సాయంత్రం నాలుగు తర్వాత ఖాళీగానే ఉంటాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ