రూమ్మేట్‌కి హెర్పిస్ అని చెప్పారు, అన్నం కూడా తినట్లేదు. నేనేం చెయ్యగలను?

చెల్లీ, నీకంటే పదేళ్లు పెద్దదాన్నే అయ్యుంటాను, అందుకే నువ్వు అంటున్నాను. నువ్వు రాసింది ఇదీ: చెన్నై షోళింగనల్లూరు పీజీలో మీరిద్దరూ ఒకే గదిలో ఉంటారు. నీ ఫ్రెండ్‌కి కింద పుండ్లు లేస్తే స్కిన్ డాక్టర్ చూసి హెర్పిస్ అన్నారు, మాత్రలు రాశారు. అప్పట్నుంచి తను అన్నం ముట్టట్లేదు. ఊళ్లో మాట్లాడుతున్న సంబంధం వద్దని అమ్మకి ఫోన్ చేసేస్తానంటోంది. నీకు తనని ఓదార్చాలనే ఉంది, కానీ ఒకే బాత్రూమ్ కాబట్టి భయమూ ఉంది, ఆ భయం తన కంటపడుతుందేమోనని సిగ్గూ ఉంది.

నాకూ ఇదే జబ్బు ఉంది. నెల్లూరు నుంచి ఉద్యోగానికి వచ్చి వేళచ్చేరిలో ఇలాంటి పీజీలోనే ఉండగా బయటపడింది. ఇప్పుడు పెళ్లయింది, మా పాప బడికెళ్తోంది. మా ఆయనకి పెళ్లికి ముందే తెలుసు. ఆ మొదటి వారం నన్ను గట్టెక్కించింది నా రూమ్మేట్, ఒంగోలు పిల్ల. అందుకే నీ ప్రశ్న చూసి ఊరుకోలేకపోయాను.

ముందు నీ భయం సంగతి చూద్దాం. అది పోకపోతే నువ్వు తన మంచం మీద కూర్చోలేవు, తనకి అది వెంటనే తెలిసిపోతుంది. హెర్పిస్ చర్మానికి చర్మం తగిలితే అంటుకునే వైరస్. ఒంటి బయట ఎక్కువసేపు బతకదు. బాత్రూమ్ సీటు, బకెట్, వాషింగ్ మెషీన్, దుప్పటి, తను తిన్న కంచం, వీటితో నీకు రాదు. తువ్వాలు, రేజరు ఎవరివి వాళ్లు వాడుకోండి, అది ఎప్పుడైనా మంచి అలవాటే. పుండ్లు తాకినా, మందు రాసుకున్నా తను వెంటనే సబ్బుతో చేతులు కడుక్కోవాలి, ఆ చేత్తో కళ్లు నలుపుకోకూడదు. కంటికి సోకితే నల్లగుడ్డు మీది పొర దెబ్బతింటుంది కాబట్టి ఈ ఒక్క జాగ్రత్త గట్టిగా చెప్పు. అంతకుమించి ఏమీ లేదు. ఈ రాత్రి తన పక్కన కూర్చుని అన్నం తిను.

ఇక తన ఒళ్లు. మొదటిసారి వచ్చినప్పుడే హెర్పిస్ ఎక్కువ బాధపెడుతుంది. జ్వరం, గజ్జల్లో బిళ్లలు, ఒళ్లు నొప్పులు, పుండ్లు మానడానికి రెండు మూడు వారాలు. యూరిన్‌కి వెళ్తే ఆ మంట చెప్పనలవి కాదు. ఆ మంటకి భయపడి నేను నీళ్లు తాగడం మానేశాను. పొద్దున నింపి పెట్టిన బాటిల్ సాయంత్రానికి నిండుగానే ఉండటం మా ఒంగోలు పిల్ల గమనించింది. ఏమీ అనలేదు. గోరువెచ్చని నీళ్లు ఒక మగ్గులో తెచ్చిచ్చి, “యూరిన్ వచ్చేటప్పుడు పైనుంచి సన్నగా పోస్తూ ఉండు, మంట తెలీదు” అంది. నిజంగానే తెలియలేదు. నీళ్లు తక్కువ తాగితే యూరిన్ చిక్కబడి మంట ఇంకా పెరుగుతుంది, పైగా ఈ మాత్రలకి నీళ్లు బాగా తాగాలి. మజ్జిగో, కొబ్బరి నీళ్లో, ఏదో ఒకటి గంటకోసారి చేతిలో పెట్టు. వదులుగా ఉండే కాటన్ బట్టలు వేసుకోమను. కడిగాక రుద్దకుండా మెత్తటి గుడ్డతో అద్దుకోవాలి. నొప్పికి పారాసెటమాల్ చాలామందికి సరిపోతుంది, చాలకపోతే మత్తు జెల్ ఉంటుంది, డాక్టర్‌ని అడగాలి. అసలు యూరిన్ రాకుండా ఆగిపోయినా, మెడ బిగుసుకుపోయి తలనొప్పి విపరీతంగా ఉన్నా, కంట్లో నొప్పి, ఎరుపు వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు, ఆసుపత్రికి తీసుకెళ్లు.

మాత్ర అంటే వైరస్‌ని అణిచే అసైక్లోవిర్ గానీ వాలాసైక్లోవిర్ గానీ రాసి ఉంటారు. మొదటిసారికి మామూలుగా ఏడు నుంచి పది రోజులు ఇస్తారు. పుండ్లు ఎండాయని మధ్యలో ఆపకూడదు. అసైక్లోవిర్ కొత్త మందేం కాదు, 1982 నుంచి వాడుకలో ఉంది. దాని తయారీలో పనిచేసిన శాస్త్రవేత్త గెర్ట్రూడ్ ఎలియన్‌కి 1988లో నోబెల్ కూడా వచ్చింది. నేను ఇన్నేళ్లుగా అవసరమైనప్పుడల్లా ఇదే వాడుతున్నాను. కిడ్నీ సమస్య ఉంటే మాత్రం డాక్టర్‌కి ముందే చెప్పాలి. మెడికల్ షాపులో దురదకీ, తామరకీ అన్నిటికీ కలిపి ఇచ్చే క్రీములు ఉంటాయి, వాటిల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. అవి దగ్గరికి రానివ్వకు.

పరీక్షల గురించి కొంచెం ఓపికగా చదువు, ఇక్కడే చాలామంది అనవసరంగా నలిగిపోతారు. పుండు తడిగా ఉండగా దాని మీంచి దూదిపుల్లతో తడి (స్వాబ్) తీసి పీసీఆర్ అనే ల్యాబ్ పరీక్ష చేస్తే వైరస్ ఉందో లేదో, ఉంటే ఈ వైరస్‌లోని రెండు రకాల్లో హెచ్ఎస్‌వి-1 ఆ, హెచ్ఎస్‌వి-2 ఆ తెలుస్తుంది. పుండు ఎండాక చేస్తే దొరక్కపోవచ్చు. రక్త పరీక్షలు వైరస్‌ని కాదు, దాని మీద ఒంట్లో తయారయ్యే యాంటీబాడీల్ని వెతుకుతాయి. వాటిలో ఐజీఎం అని ఒకటి రాస్తారు. అది లేని జబ్బు ఉన్నట్టు చూపించగలదు, కొత్తగా వచ్చిందా పాతదా అనేది కూడా దాంతో తేలదు. ఐజీజీ అనే ఇంకో పరీక్ష కొంత నయం, అయినా అంకె కొద్దిగా మాత్రమే ఎక్కువ వస్తే దాన్ని నమ్మడానికి లేదు. వైరస్ సోకాక ఐజీజీ రక్తంలో కనపడటానికి కొన్ని వారాల నుంచి మూడు నెలల దాకా పడుతుంది. నాకు ఒక ల్యాబ్ వాళ్లు ప్యాకేజీలో ఐజీఎం చేసి రిపోర్టు చేతిలో పెట్టారు. దాన్ని చూసుకుంటూ ఎన్ని రాత్రులు మేలుకున్నానో. తర్వాత చూసిన డాక్టరమ్మ ఆ కాగితం పక్కనపెట్టి స్వాబ్ తీసింది.

ఏ రకమో తెలియడం ఎందుకంటే, హెచ్ఎస్‌వి-1 కింద భాగంలో వస్తే మళ్లీ మళ్లీ రావడం తక్కువ, చాలామందికి మొదటి ఏడాదిలో ఒకసారి వస్తే గొప్ప. హెచ్ఎస్‌వి-2 అయితే మొదటి ఏడాదిలో నాలుగైదు సార్లు రావచ్చు, తర్వాత్తర్వాత తగ్గుతుంది. వైరస్ వెన్ను కింద నరాల మొదట్లో ఉండిపోతుంది కాబట్టి పూర్తిగా పోదు. నాది రెండో రకమే. వచ్చే ముందురోజు తొడలో సన్నగా జివ్వుమంటుంది. అది తెలిసిన వెంటనే మాత్ర మొదలుపెడితే ఒక్కోసారి పుండు లేవకుండానే పోతుంది. ఇప్పుడు ఏడాదికి ఒకసారి వస్తే ఎక్కువ. నిద్ర చెడినప్పుడు, జ్వరం తగిలినప్పుడు వస్తుంది. పదేపదే వచ్చేవాళ్లకి రోజూ ఒక మాత్ర నెలల తరబడి ఇస్తారు, అది కూడా పెద్ద విషయమేం కాదు. ఇదే సమయంలో హెచ్ఐవీ, సిఫిలిస్, హెపటైటిస్-బీ పరీక్షలు కూడా చేయించుకోవాలి. పుండ్లుంటే హెచ్ఐవీ సోకడం తేలికవుతుంది కాబట్టి అడుగుతారు, అనుమానించి కాదు.

ఏం మాట్లాడాలి అని అడిగావు. “ఎవరి దగ్గర్నుంచి వచ్చింది?” అని మాత్రం అడక్కు. అడిగినా తనకి తెలియకపోవచ్చు. ఈ వైరస్ ఒంట్లో చేరి ఏళ్లు గడిచాక మొదటిసారి పుండుగా కనపడవచ్చు. ఇచ్చినవాళ్లకి తమకి ఉన్నట్టే తెలియకపోవచ్చు. పెదవి మీద పొక్కులొచ్చే మనిషి నోటి ద్వారా కింద భాగానికి కూడా అంటుకుంటుంది. జ్వరం తగ్గాక పెదవి చివర లేచే పొక్కులు చూసి మన ఇళ్లల్లో ఏదో పురుగు పాకిందంటారే, చాలావరకు అది హెచ్ఎస్‌వి-1. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 50 ఏళ్లలోపు వాళ్లలో 380 కోట్ల మందికి ఆ వైరస్ ఉంది. 15 నుంచి 49 ఏళ్ల మధ్యవాళ్లలో దాదాపు 52 కోట్ల మందికి హెచ్ఎస్‌వి-2 ఉంది. ఈ అంకెలు తనకి చెప్పు, కానీ ఇవాళే వద్దు. మొదటి రోజుల్లో లోకమంతా ఉందంటే ఓదార్పుగా ఉండదు. ఏడుస్తుంటే ఏడవనివ్వు. స్నానం చేశావా, మాత్ర వేసుకున్నావా, ఇలాంటి మాటలు చాలు. ఎవరికీ చెప్పనని మాటివ్వు, ఆ మాట మీద నిలబడు, పీజీ ఆంటీ అడిగినా యూరిన్ ఇన్ఫెక్షన్ అను.

అసలు సంగతికి వస్తున్నాను. ఆ ఫోన్ మాత్రం ఈ నెల చెయ్యనివ్వకు. నొప్పిలో, జ్వరంలో, తిండి లేకుండా ఉన్న మనిషి జీవితానికి సంబంధించిన మాట చెప్పకూడదు. ఆఫీసులో రిలీజ్ ఉందనో, సెలవు దొరకట్లేదనో నెల రోజులు వాయిదా వేయమను. అమ్మ కోప్పడితే కోప్పడనివ్వు.

పెళ్లి మానుకోవాల్సిన జబ్బు కాదిది. చెప్పి చేసుకోవాల్సిన జబ్బు. దాచి చేసుకోవడాన్ని నేను ఒప్పుకోను, ఎందుకంటే అవతలి మనిషి ఒంటికి సంబంధించిన నిర్ణయం వాళ్లదే. అలాగని పెళ్లిళ్ల పేరయ్యకీ, మేనత్తకీ, అత్తగారికీ తెలియాల్సిన పని లేదు. చెప్పాల్సింది ఆ అబ్బాయికి, నేరుగా, పెళ్లిచూపుల తర్వాత ఇద్దరికీ మనసు కుదిరాక, నిశ్చితార్థానికి ముహూర్తం పెట్టకముందు. అమ్మ ద్వారా చెప్పిస్తే మాట మారుతుంది, నలుగురిలో పడుతుంది.

నేను అడయార్‌లో ఒక హోటల్లో కాఫీ తాగుతూ చెప్పాను. ముందే కాగితం మీద రాసుకుని బట్టీ పట్టాను. “నాకు హెర్పిస్ ఉంది. చర్మం మీద వచ్చే వైరస్. ప్రాణభయం లేదు, కానీ పూర్తిగా పోదు. ఎప్పుడన్నా వస్తుంది, మాత్రలతో తగ్గుతుంది. పెళ్లయ్యాక మీకు అంటుకోవచ్చు, ఆ అవకాశం బాగా తగ్గించుకునే దారులున్నాయి. ఆలోచించుకుని చెప్పండి. వద్దనుకుంటే కారణం మన మధ్యే ఉంచండి.” ఆయన చాలాసేపు గ్లాసు తిప్పుతూ కూర్చున్నాడు. మొదట అడిగింది, “నొప్పిగా ఉంటుందా?” అని. తర్వాత పిల్లల గురించి అడిగాడు. వారం టైమ్ కావాలన్నాడు. ఆ వారంలో తనే వెళ్లి డాక్టర్‌ని కలిసి వచ్చాడు. అంతకుముందు ఇంకో అబ్బాయికి చెబితే సంబంధం వెనక్కి పోయింది. జాతకాలు కలవలేదని చెప్పారు, నా విషయం బయటికి రానివ్వలేదు. అప్పుడు చాలా బాధపడ్డాను. అయినా అతని మీద నాకు గౌరవమే. నీ ఫ్రెండ్‌కి రెండూ జరగొచ్చని చెప్పు.

ఆ దారులేమిటంటే, పుండు ఉన్నప్పుడూ, జివ్వుమన్నప్పుడూ కలవకపోవడం, మిగతా రోజుల్లో కండోమ్, డాక్టర్ సలహాతో రోజూ వాలాసైక్లోవిర్. ఒకరికి హెచ్ఎస్‌వి-2 ఉండి ఇంకొకరికి లేని జంటల మీద చేసి 2004లో ప్రచురించిన అధ్యయనంలో, రోజూ 500 మిల్లీగ్రాములు వేసుకుంటే అంటుకోవడం దాదాపు సగానికి తగ్గింది. ఏ పుండూ లేని రోజు కూడా చర్మం మీద వైరస్ ఉండొచ్చు కాబట్టి పూర్తి గ్యారంటీ అని మాత్రం ఎవరికీ చెప్పకూడదు.

పిల్లల విషయానికొస్తే, తల్లికి ముందునుంచే ఉంటే బిడ్డకి సోకడం చాలా అరుదు. ప్రమాదమంతా నెలలు నిండే సమయంలో కొత్తగా అంటుకుంటేనే. గైనకాలజిస్టుకి మొదటి విజిట్‌లోనే చెప్పాను. 36వ వారం నుంచి అసైక్లోవిర్ ఇచ్చారు, నొప్పులొచ్చినప్పుడు పుండ్లు లేవని చూసి నార్మల్ డెలివరీ చేశారు. పుండ్లుంటే సిజేరియన్ చేస్తారు. ఇంకోటి, బారసాలకి వచ్చినవాళ్లలో పెదవి మీద పొక్కున్న ఎవర్నీ పాపని ముద్దాడనివ్వలేదు. మా పెద్దమ్మ అలిగింది కూడా. నెలల బిడ్డకి ఆ వైరస్ సోకితే ప్రాణం మీదికి వస్తుంది.

డబ్బు ఇబ్బందయినా, ఉన్న డాక్టర్ సరిగా మాట్లాడకపోయినా సెంట్రల్ స్టేషన్ ఎదురుగా ఉన్న రాజీవ్ గాంధీ జనరల్ హాస్పిటల్‌కి తీసుకెళ్లు. మద్రాస్ మెడికల్ కాలేజీ వాళ్ల వెనెరియాలజీ, అంటే సుఖవ్యాధుల విభాగం అక్కడ ఉంది. సుఖవ్యాధులు చూసే ప్రభుత్వ సురక్షా క్లినిక్కుల్లో హెర్పిస్‌కి ఎర్ర రంగు మందుల కిట్ ఉంటుంది, అందులో అసైక్లోవిర్ ఉచితంగా ఇస్తారు. అక్కడ రోజూ ఇవే కేసులు చూస్తారు కాబట్టి వింతగా చూడరు. ఫోన్లో అడగాలంటే ప్రభుత్వ హెచ్ఐవీ, సుఖవ్యాధుల హెల్ప్‌లైన్ 1097. రాత్రిళ్లు చచ్చిపోవాలనిపిస్తోందనే మాట తన నోట వస్తే ఒంటరిగా వదలకు, 14416కి చెయ్యి, అది టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, తెలుగులో కూడా మాట్లాడతారు. హెర్పిస్ పూర్తిగా నయం చేస్తామని ప్రకటనలిచ్చేవాళ్లకి మాత్రం ఫోన్ చెయ్యకండి. సుఖవ్యాధులకి అలా ప్రకటనలివ్వడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది.

తనకి ఇష్టమైతే ఇది చదివి వినిపించు. తనే అడగాలనుకున్నది ఏదైనా ఉంటే పేరు చెప్పకుండా అడగమను, నేను జవాబిస్తాను.