వెయిటింగ్ నంబరు కంటే ముందున్న అక్షరాలు చూడండి

ప్రశ్న: రాజమహేంద్రవరం నుంచి చెన్నైకి కోరమాండల్ ఎక్స్‌ప్రెస్‌లో స్లీపర్ చూస్తే ‘ఆర్‌ఎల్‌డబ్ల్యూఎల్ 24/డబ్ల్యూఎల్ 11’ అని వస్తోంది. ఇందులో మా నంబరు ఏది? ఖాయమవుతుందా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: రెండోదే మీది. ఇప్పుడు టికెట్ తీసుకుంటే మీరు పదకొండోవారు. 24 అంటే ఆ జాబితా మొదలైనప్పటి నుంచి ఇచ్చిన వరస సంఖ్య. అంటే ఇప్పటికి 13 కదిలాయి. నలుగురికి కలిపి తీస్తే 11 నుంచి 14 దాకా మీవే, ఆఖరి వారి నంబరు చూసుకోవాలి.

నంబరు చిన్నదే కానీ ముందున్న అక్షరాలే ఇబ్బంది. ఆ రైలు బయల్దేరేది కోల్‌కతా దగ్గరి షాలిమార్‌లో. అక్కడి నుంచి ఎక్కేవాళ్లకు జనరల్ కోటా, అంటే జీఎన్‌డబ్ల్యూఎల్. అందులో బెర్తులు ఎక్కువ, రద్దులూ ఎక్కువ, కాబట్టి వరస త్వరగా కదులుతుంది. మధ్యలోని పెద్ద స్టేషన్లకు విడిగా కొద్ది బెర్తులే కేటాయిస్తారు, మీ ఆర్‌ఎల్‌డబ్ల్యూఎల్ ఆ కోటా వెయిటింగే. ఆ కొద్దిమందిలో ఎవరైనా మానుకుంటేనే మీకు దారి. జీఎన్‌లో 30 మీద పెట్టుకునే ఆశ ఆర్‌ఎల్‌లో 11 మీద పెట్టుకోవద్దు. పీక్యూడబ్ల్యూఎల్ అని ఉన్నా ఇంతే: మధ్య స్టేషన్లన్నిటికీ కలిపి ఒకే చిన్న కోటా.

మీకు దగ్గర్లో బయల్దేరే రైలు కూడా చూడండి. కాకినాడలో మొదలయ్యే సర్కారు ఎక్స్‌ప్రెస్‌కు కాకినాడ నుంచే టికెట్ తీసి, బోర్డింగ్ స్టేషన్‌గా రాజమహేంద్రవరం పెట్టుకోవచ్చు. ఛార్జీ కాకినాడ నుంచి పడుతుంది. బోర్డింగ్ మార్చడం మాత్రం మరవకండి. మారిస్తే కాకినాడలో ఎక్కే హక్కు పోతుంది. మార్చకపోతే మీరు రాలేదనుకుని టీటీఈ ఆ బెర్తును ఆర్‌ఏసీ వాళ్లకు, అంటే పూర్తి బెర్తు దక్కక సీటు మాత్రం దొరికినవాళ్లకు ఇచ్చేయవచ్చు.

ప్రశ్న: ఆర్‌ఏసీ 6 వచ్చింది. రైలు ఎక్కనిస్తారా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: నిశ్చింతగా ఎక్కండి. స్లీపర్‌లో సైడ్ లోయర్ బెర్తును ఇద్దరికి కూర్చోవడానికి ఇస్తారు, ఛార్జీ మాత్రం పూర్తిగానే. రానివాళ్ల బెర్తులు ముందు మీ వరసకే దక్కాలి, టీటీఈని అడగండి. మానుకోవాలనుకుంటే రైలు బయల్దేరడానికి అరగంట ముందే రద్దు చేయండి. ఆ తర్వాత పైసా రాదు.

ప్రశ్న: తత్కాల్ వెయిటింగ్ తీసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: తత్కాల్ వెయిటింగ్, అంటే టీక్యూడబ్ల్యూఎల్, ఆర్‌ఏసీకి మారదు. ఖాయమైతే బెర్తు, లేకపోతే రద్దు. చార్టులో, అంటే రైలు బయల్దేరే ముందు వేసే ఆఖరి జాబితాలో, జనరల్ వెయిటింగ్ వాళ్ల తర్వాతే వీళ్లను చూస్తారు. ఒకటో రెండో నంబరైతే తప్ప తీసుకోవద్దనే చెబుతాం. ఆన్‌లైన్ టికెట్‌లో అందరూ వెయిటింగ్‌లోనే మిగిలితే చార్టు తర్వాత దానంతటదే రద్దవుతుంది, దాంతో బోగీ ఎక్కకూడదు. స్లీపర్‌లో మనిషికి 60 రూపాయలు, ఏసీలో జీఎస్టీ కలిపి మినహాయించి మిగతాది ఖాతాలో వేస్తారు. బుకింగ్ సమయంలో కట్టిన కన్వీనియన్స్ ఫీజు మాత్రం తిరిగి రాదు.